కాలేజ్ ఫుట్‌బాల్ ఆట తొలిసారి కవర్ చేయబోతున్న చెల్లికి

నువ్వు అడిగినవి మూడు. హన్మకొండలో క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగకుండా పెరిగాను, టెక్సాస్‌లో స్టాటిస్టిక్స్ ఎంఎస్ చేస్తూ విద్యార్థి పత్రికలో చేరిన నెలకే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట కవర్ చేయమన్నారు, నా వల్ల అవుతుందా అన్నది మొదటిది. ప్రెస్ బాక్స్‌లో (స్టేడియంలో విలేకరులు కూర్చునే గది) కూర్చుని అసలేం చేయాలన్నది రెండోది. ఎఫ్-1 వీసా మీద ఉండి దీన్నే బతుకుతెరువు చేసుకోవచ్చా అన్నది మూడోది. అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

అవుతుంది. నాకు అయింది. తెనాలి పక్క ఊరి నుంచి చదువుకని ఇక్కడికి వచ్చేనాటికి నాకూ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే గుండ్రటి బంతే. ఆ తర్వాత పదిహేను సీజన్లు శుక్రవారం రాత్రి హైస్కూల్ మైదానంలో, శనివారం కాలేజ్ స్టేడియంలో గడిచాయి. ముందు విద్యార్థి పత్రికకి, తర్వాత ఒక చిన్న ఊరి దినపత్రికకి స్ట్రింగర్‌గా (మన దగ్గర కంట్రిబ్యూటర్ అంటాం), ఆపైన పూర్తికాలం ఉద్యోగంలో. ఇక్కడే పుట్టి, నాన్న భుజాలెక్కి ఆట చూసిన పిల్లలతో ఎలా నెగ్గుకొస్తానా అని మొదటి ఏడాదంతా భయపడ్డాను. వాళ్లకి తెలిసింది చాలా ఉంది, కాదనను. కానీ చాలామంది మైదానం వైపు చూస్తూ కూడా తమకి ముందే తెలిసిన ఆటనే చూస్తుంటారు. కొత్తగా నేర్చుకున్న మనిషి ప్రతి బంతినీ కళ్లప్పగించి చూడాలి, వేరే దారి లేదు. రిపోర్టర్‌కి కావలసింది ఆ చూపు.

ఆట నియమాలు ఒక వారంలో వచ్చేస్తాయి. మైదానం వంద గజాలు, రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి. వెళ్లలేమనుకుంటే నాలుగో డౌన్‌లో బంతిని దూరంగా తన్నేస్తారు, అది పంట్. స్తంభాల మధ్య నుంచి తన్నగలిగితే మూడు పాయింట్లు, అది ఫీల్డ్ గోల్. ఎండ్ జోన్ చేరితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆపైన తన్ని ఒకటి తెచ్చుకోవచ్చు, లేదా మూడు గజాల గీత దగ్గర్నుంచి మళ్లీ ఎండ్ జోన్‌లోకి దూరి రెండు తెచ్చుకోవచ్చు. చిన్నప్పుడు కబడ్డీ ఆడావా? గీత దగ్గర అర అడుగు కోసం మనుషులు ఎలా పెనుగులాడతారో తెలిస్తే మూడో డౌన్, ఒక గజం అంటే ఏమిటో నీకు వెంటనే అర్థమవుతుంది.

ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) ఆటలు టీవీలో చూసి, అవే నియమాలనుకుని శనివారం కాలేజ్ ఆట రాయడానికి కూర్చోకు. కాలేజ్‌లో పాస్ అందుకున్నవాడి ఒక్క పాదం గీత లోపల పడితే చాలు, అక్కడ రెండూ పడాలి. బంతి పట్టుకున్నవాడి మోకాలు నేలకి తగిలితే, ఎవరూ తాకకపోయినా, కాలేజ్‌లో ఆ డౌన్ అక్కడితో ముగిసిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే వాడు లేచి పరిగెత్తొచ్చు. స్కోరు సమమైతే ఒక్కో జట్టుకి ప్రత్యర్థి 25 గజాల గీత దగ్గర బంతి ఇస్తారు. రెండో ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ చేస్తే రెండు పాయింట్ల ప్రయత్నం తప్పనిసరి, మూడో ఓవర్‌టైమ్ నుంచి అసలు ఆ రెండు పాయింట్ల ప్రయత్నాలే మార్చిమార్చి జరుగుతాయి. ఇది 2021 నుంచి. ఫస్ట్ డౌన్ వచ్చినప్పుడల్లా గడియారం ఆపే పాత పద్ధతి 2023లో పోయింది, ఇప్పుడు ప్రతి అర్ధభాగంలో చివరి రెండు నిమిషాలకే అది మిగిలింది. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన పాత నియమం చెప్పినా నువ్వు కొత్తదే రాయి.

ఇప్పుడు అసలు విషయం, నోట్‌బుక్.

ప్రెస్ బాక్స్‌లో కూర్చోగానే నీ చేతికి కాగితాలు రావడం మొదలవుతుంది. రెండు జట్ల ఆటగాళ్ల పట్టిక, క్వార్టర్ క్వార్టర్‌కీ (ఆటలో నాలుగు భాగాలుంటాయి) గణాంకాలు, ప్రతి డౌన్ వివరం. ఎదురుగా టీవీ ఉంటుంది, రీప్లే వస్తుంది. ఇన్ని ఉండగా చేత్తో రాసుకోవడం దేనికని కొత్తవాళ్లు చాలామంది మానేస్తారు. ఆ కాగితాలు నీ పక్కనున్న ముప్ఫైమందికీ వస్తాయి. అవి చూసి రాస్తే ముప్ఫైమంది రాసిందే నువ్వూ రాస్తావు. చేత్తో రాసుకుంటే రాయాలంటే చూడాలి, చూడాలంటే ఫోన్ పక్కన పెట్టాలి. ఇన్నేళ్లలో నేను రాసిన మంచి కథనాల్లో ఒక్కటి కూడా ఇచ్చిన కాగితంలోంచి పుట్టలేదు.

నా పుస్తకంలో సంకేతాలు ఇప్పటికీ తెలుగులోనే ఉంటాయి. పరుగుకి ‘ప’, పాస్‌కి ‘పా’, సొంత సగానికి ‘సొ’, ఎదుటివాళ్ల సగానికి ‘ఎ’, అందని పాస్‌కి ఇంటూ గుర్తు. ఒక పేజీలో ముక్క ఇలా ఉంటుంది:

9:12 | 2–8 | సొ34 | పా 15→4 | +11 | కుడి గీత
1–10 | సొ45 | ప 22 | −2
2–12 | సొ43 | పా 15 ×
3–12 | సొ43 | సాక్ 91 | −8
4–20 | సొ35 | పంట్ 42 → ఎ23

మొదటి అంకె గడియారం. తర్వాత ఎన్నో డౌన్, ఎన్ని గజాలు కావాలి, బంతి ఎక్కడ ఉంది, ఏం చేశారు, ఎన్ని గజాలు వచ్చాయి. మొదటి లైను విప్పితే: రెండో డౌన్, ఎనిమిది గజాలు కావాలి, బంతి సొంత 34 దగ్గర, 15వ నంబరు 4వ నంబరుకి కుడి గీత పక్కన పాస్ ఇచ్చాడు, పదకొండు గజాలు వచ్చాయి. సాక్ అంటే ఏమిటో కింద చెప్తాను. ఎడమ అంచున ఒక బెత్తెడు ఖాళీ వదులు. కంటికి ఆనింది అక్కడ రాయాలి. ‘91 లేచి కాలు పట్టుకున్నాడు’, ‘కోచ్ టోపీ తీశాడు’, ‘గాలి ఎడమ నుంచి’. ఏదైనా డౌన్ వల్ల పరిస్థితి తలకిందులైందనిపిస్తే చుక్క పెట్టు. నాలుగో క్వార్టర్ చివర్లో చుక్కలు లెక్కపెడితే ఏడో ఎనిమిదో ఉంటాయి. వాటిలో ఒకటి నీ కథనానికి మొదటి పేరా అవుతుంది. చుక్క పెట్టినప్పుడు అది మలుపని నీకు తెలిసి ఉండదు, పెట్టకపోతే మాత్రం తర్వాత దొరకదు.

ఒక ఆట చెప్తాను. వాన రాత్రి, చిన్న కాలేజ్, ఓ ఎనిమిది వేలమంది ఉంటారు. ఆఖరి నిమిషంలో ఫీల్డ్ గోల్ తప్పి మా ఊరి జట్టు రెండు పాయింట్లతో ఓడింది. టీవీ కెమెరా తన్నినవాడి మొహం మీదే నిలిచింది. పాపం, వాడు హెల్మెట్ తియ్యకుండా బెంచీ మీద కూర్చున్నాడు. నా పుస్తకంలో అంచున మాత్రం ‘బంతి తిరగలేదు, లేసులు ఇటు’ అని ఉంది. తన్నడానికి బంతిని నేల మీద నిలబెట్టేవాణ్ని హోల్డర్ అంటారు. వెనక నుంచి వచ్చిన బంతిని పట్టి, నిలబెట్టి, దాని లేసులు తన్నేవాడి పాదం వైపు లేకుండా తిప్పాలి. ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. ఆట అయ్యాక అందరూ తన్నినవాడి కోసం ఎదురుచూస్తుంటే నేను హోల్డర్‌తో మాట్లాడతానని అడిగాను. బంతి మీ చేతికి ఎలా వచ్చిందని ఒకటే ప్రశ్న. తడిసి, కింద నుంచి వచ్చిందని, పట్టడానికే సమయమంతా సరిపోయిందని, తిప్పలేకపోయానని, తప్పు తనదేనని చెప్పాడు. ఆ కుర్రాడు ఆ మాట చెప్పడానికే ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నట్టు నిలబడ్డాడు. మర్నాడు ఊళ్లో తన్నినవాణ్ని తిట్టేవాళ్లు చాలావరకు తగ్గారు. చేతిరాత నోట్‌బుక్ గురించి నేనింత పట్టు పట్టేది అందుకే.

ఇక నంబర్ల గురించి. ఇక్కడ నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదు.

కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఒకే జట్టులో ఇద్దరు ఒకే నంబరు వేసుకోవచ్చు. ఇద్దరూ ఒకేసారి మైదానంలో ఉండకూడదు, అంతే. అందుకే బంతితో ఆడే విభాగంలో ఒక 7, అడ్డుకునే విభాగంలో ఇంకో 7 ఉంటారు. నా రెండో సీజన్‌లో ఒక పంట్ అడ్డుపడి బంతి దొర్లింది, 7వ నంబరు దాన్ని అందుకుని టచ్‌డౌన్ చేశాడు. నేను పేరున్న రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) పేరు రాసేశాను. నిజంగా చేసింది మొదటి ఏడాది కుర్రాడు, స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో జట్టులో చేరినవాడు. వాళ్లని వాక్-ఆన్ అంటారు. మర్నాడు ఉదయం వాళ్లమ్మ ఉత్తరం వచ్చింది. కోపంగా ఏమీ లేదు. వాడి నాన్న తెల్లారకుండానే వెళ్లి ఐదు ప్రతులు కొని తెచ్చారని, అందులో వాడి పేరు లేదని, సవరణ వేస్తారా అని అంతే రాసింది. వేశాం. మూలన, నాలుగు లైన్లు. సోమవారం ప్రాక్టీస్ దగ్గరికి వెళ్లి ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పాను. వాడు పర్లేదన్నాడు. నాకు ఇప్పటికీ పర్లేదనిపించదు. ఆ అబ్బాయి తర్వాత ఇంకో టచ్‌డౌన్ చేయలేదు.

అందుకని కిక్‌ఆఫ్‌కి గంట ముందే వెళ్లి, ఆటగాళ్లు వార్మప్ చేస్తుంటే పట్టికలో జంట నంబర్లన్నీ గీత గీసి పెట్టుకో. పంట్, కిక్‌ఆఫ్ సమయాల్లో రెండు విభాగాలవాళ్లూ కలిసి దిగుతారు, పొరపాట్లు ఎక్కువ జరిగేది అప్పుడే. అనుమానం వస్తే జట్టు సమాచార విభాగంవాళ్లని అడుగు. ఆ ఆఫీసు చూసే అధికారిని స్పోర్ట్స్ ఇన్ఫర్మేషన్ డైరెక్టర్ అంటారు, ఎస్‌ఐడీ అనే వినబడుతుంది. పాతకాలంలో ఈ పని కోసం రిపోర్టర్ పక్కన ఒక మనిషి కూర్చునేవాడు. టెక్సస్ ఏ అండ్ ఎంలో ‘పన్నెండో మనిషి’ సంప్రదాయం ఉంది కదా, ఆట అయ్యేదాకా విద్యార్థులంతా నిలబడే ఉంటారు. దానికి మూలం 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజ్ జట్టుతో జరిగిన ఆట. ఒకరి తర్వాత ఒకరు గాయపడుతుంటే కోచ్ డేనా బైబిల్, ఫుట్‌బాల్ మానేసి బాస్కెట్‌బాల్‌కి వెళ్లిన ఇ. కింగ్ గిల్‌ని కిందికి పిలిపించి జెర్సీ వేసుకోమన్నాడు. అతను ఆట చివరిదాకా సిద్ధంగా నిలబడ్డాడు, దిగే అవసరం రాలేదు, జట్టు 22–14తో గెలిచింది. ఇంతకీ గిల్‌ని పిలిపించింది ఎక్కడి నుంచనుకున్నావు? ప్రెస్ బాక్స్ నుంచి. ఒక పత్రికా రిపోర్టర్‌కి ఆటగాళ్లని గుర్తుపట్టి చెప్తూ అక్కడ కూర్చున్నాడు. లక్షా రెండు వేలమంది పట్టే కైల్ ఫీల్డ్‌లో ఎప్పుడు కూర్చున్నా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. ఎవరు ఎవరో తెలియడమన్నది వందేళ్ల నాడు కూడా మన వృత్తికి కష్టమైన పనే.

గణాంకాల్లో ఒక్క మెలిక చెప్తాను, నీ చదువుకి దగ్గరగా ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే పాస్‌లు వేసే ఆటగాణ్ని, పాస్ వేయకముందే వెనక పడగొడితే సాక్ అంటారు. ఆ పోయిన గజాలని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాసింగ్ లెక్కలోంచి తీసేస్తారు, కాలేజ్‌లో అతని పరుగుల లెక్కలోంచి తీస్తారు. ఆరుసార్లు పరిగెత్తి 40 గజాలు తెచ్చి, నాలుగు సాక్‌లలో 28 గజాలు పోగొట్టుకున్నవాడు కాగితం మీద ‘10 పరుగులు, 12 గజాలు’ అని కనిపిస్తాడు. అది చూసి ‘కాళ్లతో ఏమీ చేయలేకపోయాడు’ అని రాస్తే అబద్ధమవుతుంది. అసలు ఆ రోజు అతని ముందున్న ఐదుగురు అతణ్ని కాపాడలేకపోయారు. స్టాటిస్టిక్స్ చదివే నీకు ఇలాంటివి ఇట్టే కనబడతాయి. ప్రతి ఆట డేటా ఇప్పుడు ఉచితంగా దొరుకుతోంది, వాడుకో. కానీ అంకె ఎందుకలా వచ్చిందో మైదానంలో చూసి ఉంటేనే అది పాఠకుడికి ఉపయోగపడుతుంది.

నీకు అన్నిటికంటే కష్టమయ్యేది గడియారం. రాత్రి ఆట ఆరున్నరకో ఏడింటికో మొదలై పదిన్నరకి ముగుస్తుంది. డెస్క్ మాత్రం ఆట ముగిసిన క్షణానికి కాపీ కావాలంటుంది. అంటే ఆట నడుస్తుండగానే రాస్తూ పోవాలి. హాఫ్‌టైమ్‌లో (కాలేజ్‌లో ఇరవై నిమిషాలు ఇస్తారు) మొదటి సగం రెండు మూడు పేరాల్లో రాసి పెట్టేస్తాను. మూడో క్వార్టర్ అయ్యాక ఇంకో రెండు. ఇవి కథనంలో కింద కూర్చునేవి. నాలుగో క్వార్టర్ సగంలో రెండు లీడ్‌లు (కథనం మొదటి పేరాలు) రాస్తాను, వీళ్లు గెలిస్తే ఒకటి, వాళ్లు గెలిస్తే ఇంకోటి. విజిల్ పడగానే సరైనది పైన పెట్టి, స్కోరు సరిచూసి పంపేస్తాను. తర్వాత కిందికి పరిగెత్తి మాటలు సేకరించి, వచ్చి మళ్లీ రాస్తాను. మొదటిది ఉన్నంతలో శుభ్రంగా ఉండాలి, రెండోది బాగుండాలి.

రెండు లీడ్‌లూ పనికిరాని రాత్రులుంటాయి. 2013 నవంబరు 30న ఆబర్న్‌లో ఆబర్న్–అలబామా ఆట 28–28 దగ్గర ఉండగా గడియారం అయిపోయింది. అందరూ ఓవర్‌టైమ్ అనుకున్నారు. రీప్లే చూసి ఒక్క సెకను వెనక్కి ఇచ్చారు. నంబర్ వన్ జట్టు అలబామా ఆ ఒక్క సెకనుతో 57 గజాల ఫీల్డ్ గోల్ ప్రయత్నించింది, బంతి చేరలేదు. ఎండ్ జోన్ వెనక అంచున క్రిస్ డేవిస్ దాన్ని అందుకుని మైదానం పొడవునా పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 34–28. ఆ రాత్రి ప్రెస్ బాక్స్‌లో ఎన్ని సిద్ధం చేసిన లీడ్‌లు చెరిపేసి ఉంటారో ఊహించుకో.

ఇంకోటి నేను ఇంట్లో టీవీ ముందు కూర్చుని, సాధన కోసం నిజంగా డెడ్‌లైన్ ఉన్నట్టే రాస్తూ చూసింది. 2018 నవంబరు 24, కైల్ ఫీల్డ్, టెక్సస్ ఏ అండ్ ఎం మీద ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ). చివరి నిమిషంలో ఎల్‌ఎస్‌యూ 31–24తో ముందుంది. ఏ అండ్ ఎం క్వార్టర్‌బ్యాక్ కెలెన్ మాండ్ వేసిన పాస్‌ని ఎల్‌ఎస్‌యూ లాగేసుకుంది. ఆట అయిపోయిందని వాళ్ల కోచ్ ఎడ్ ఓర్జరాన్ మీద ఆటగాళ్లు డ్రమ్ముడు గేటరేడ్ పానీయం కుమ్మరించేశారు. నేనూ ఎల్‌ఎస్‌యూ లీడ్ పైన పెట్టేశాను. అప్పుడు రీప్లేలో తేలింది: కిందుగా వచ్చిన బంతిని ఎత్తుకునేటప్పుడు మాండ్ మోకాలు నేలకి తగిలింది. పైన చెప్పానే, కాలేజ్‌లో మోకాలు తగిలితే ఆ డౌన్ అక్కడితో ముగిసినట్టే. కాబట్టి పాస్ లేదు, లాక్కోవడమూ లేదు. తడిసిన చొక్కాతోనే కోచ్ నిలబడ్డాడు. గడియారం సున్నాకి చేరుతుండగా ఏ అండ్ ఎం టచ్‌డౌన్ చేసి 31–31కి తెచ్చింది. తర్వాత ఏడు ఓవర్‌టైమ్‌లు. ఐదు గంటల దగ్గర సాగి, 74–72తో ఏ అండ్ ఎం గెలిచింది. 146 పాయింట్లు, అగ్రశ్రేణి కాలేజ్ ఫుట్‌బాల్ చరిత్రలో అప్పటికి అదే అత్యధికం. ఆటగాళ్లు అంతసేపు ఒళ్లు హూనం చేసుకోకూడదని మరుసటి ఏడాది నుంచే ఓవర్‌టైమ్ నియమాలు మార్చడం మొదలుపెట్టారు.

ఆ రాత్రి నేను పదకొండు లీడ్‌లు రాశాను. ఎవరూ అచ్చువేయలేదు, కానీ నేర్పింది అదే. నువ్వూ ఈ రెండు మూడు శనివారాలు టీవీ గొంతు నొక్కేసి, నోట్‌బుక్ పట్టుకుని, ఆట ముగిసిన ఐదు నిమిషాల్లో 500 పదాలు పూర్తి చెయ్యి. కామెంటరీ వింటే వాళ్ల మాటలే నీ చేతికి వస్తాయి.

ప్రెస్ బాక్స్‌లో చప్పట్లు కొట్టకూడదు. ఆట ముందు మైకులో చెప్తారు కూడా. మీ కాలేజ్ రంగు బట్టలు వేసుకెళ్లకు. నీ స్నేహితులు కింద గొంతు చించుకుంటుంటే నువ్వు పైన మౌనంగా ఉండాలి. మొదట్లో బాధగా ఉంటుంది, నాలుగు ఆటల్లో అలవాటవుతుంది. చివరి ఐదు నిమిషాల్లో చాలాచోట్ల రిపోర్టర్లని సైడ్‌లైన్‌కి దిగనిస్తారు. ఒక్కసారైనా దిగు. పైనుంచి బొమ్మల్లా కనిపించేవాళ్లు కింద ఎంత బరువుగా ఢీకొంటారో, ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఏ టీవీలోనూ వినబడదు. కళ్లు మాత్రం బంతి మీదే పెట్టు, ఆ గీత పక్కన నిలబడ్డవాళ్ల మీదికి ఆటగాళ్లు దూసుకొస్తుంటారు.

ఇంటర్వ్యూలకి కావలసిన ఆటగాళ్ల పేర్లు నాలుగో క్వార్టర్‌లోనే ఎస్‌ఐడీ మనుషులకి చెప్పాలి. ఓడిన కోచ్‌ని ‘ఎలా అనిపిస్తోంది’ అని అడగకు. ‘మూడో క్వార్టర్ గురించి మాట్లాడండి’ అన్నదీ ప్రశ్న కాదు. ఒక డౌన్, ఒక నిర్ణయం పట్టుకుని ‘నాలుగో డౌన్, రెండు గజాలు, ఎదుటి 38 దగ్గర పంట్ ఎందుకు చేశారు?’ అని అడుగు. నువ్వు ఆట చూశావని ఆయనకి అర్థమైతే జవాబు మారుతుంది. నీ ఉచ్చారణ గురించి రాశావు. నన్ను ఇన్నేళ్లలో ప్రశ్న మళ్లీ అడగమన్నవాళ్లున్నారు, మర్యాద తప్పినవాళ్లు ఒకరిద్దరే. నెమ్మదిగా, చిన్న వాక్యంలో అడిగితే చాలు.

శనివారం ఆట ఈ పనిలో సగం. మిగతా సగం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉంటుంది. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజ్‌లే నేరుగా వాళ్లకి డబ్బు ఇవ్వడం మొదలైంది. ఆటగాడు ఒక కాలేజ్ వదిలి ఇంకో కాలేజ్‌కి వెళ్లడం ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌తో సులువైంది. ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు, ఎవరి మోకాలు ఎలా ఉంది, వీటన్నిటికీ క్యాంపస్‌లో ఉండే నీకున్నంత దగ్గర బయటి పత్రికలకి ఉండదు. 2023 జులైలో నార్త్‌వెస్టర్న్ ఫుట్‌బాల్ జట్టులో ర్యాగింగ్ గురించి ఒక మాజీ ఆటగాడు చెప్పిన వివరాలని బయటపెట్టింది అక్కడి విద్యార్థి పత్రిక, డైలీ నార్త్‌వెస్టర్న్. అంతకుముందు రోజు ప్రధాన కోచ్‌కి రెండు వారాల సస్పెన్షన్ వేసిన విశ్వవిద్యాలయం, ఆ కథనం వచ్చిన రెండు రోజులకి ఆయన్ని తొలగించింది. ఆయన దావా వేశారు, 2025 ఆగస్టులో రాజీ అయింది. అలాంటి కథనం రాసే విద్యార్థి మీద ఎంత బరువు ఉంటుందో ఆలోచించు. జట్టుతో మంచిగా ఉండాలి, జట్టు మనిషివి మాత్రం కాకూడదు. ఆ గీత ఎక్కడుందో మొదటి రోజు నుంచే చూసుకో.

ఇక వీసా. ఇది మాత్రం తప్పనిసరిగా విను. ఎఫ్-1 మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయొచ్చు. మీ విద్యార్థి పత్రిక డబ్బిస్తే అది క్యాంపస్ ఉద్యోగం కింద వస్తుందో లేదో మీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడుగు, ఎందుకంటే కొన్ని విద్యార్థి పత్రికలు విశ్వవిద్యాలయంతో సంబంధం లేని వేరే సంస్థలు. బయటి పత్రిక ఆటకింత ఇస్తామని పిలిస్తే సీపీటీయో ఓపీటీయో (చదువుకి సంబంధించిన పనికి ఇచ్చే అనుమతులు) చేతికి వచ్చేదాకా ఒప్పుకోకు. మామూలుగా డబ్బిచ్చి చేయించే పనిని ‘ఊరికే రాస్తానులే’ అని చేసినా చిక్కే. నాకు తెలిసిన ఒక మంచి కుర్రాడు ఇలాగే మొహమాటానికి ఒప్పుకుని, తర్వాత లాయర్ల చుట్టూ తిరిగాడు.

బతుకుతెరువు మాటకొస్తే, స్టాటిస్టిక్స్ వదలొద్దు. పత్రికా ఉద్యోగాలు తక్కువ, వీసా స్పాన్సర్ చేసేవి ఇంకా తక్కువ. నేను ఐదేళ్లు పగలు ఇంకో ఉద్యోగం చేస్తూ రాత్రులు రాశాను. డేటా తెలిసి, కాపీ రాయగలిగి, మైదానంలో నిలబడగలిగిన మనిషి కోసం వెతికే డెస్క్‌లు మాత్రం ఉన్నాయి. ఈ సీజన్‌లో మీ పెద్ద జట్టు ఆటలు ఎటూ ఇద్దరు ముగ్గురు సీనియర్లు పంచుకుంటారు. నువ్వు దగ్గర్లోని చిన్న కాలేజ్ ఆటలూ రాస్తానని మీ ఎడిటర్‌ని అడుగు. అక్కడ కోచ్ నీతో పది నిమిషాలు నిలబడి మాట్లాడతాడు, ఆటగాడి నాన్న పక్కనే కూర్చుని ఉంటాడు, గణాంకాల కాగితం ఆలస్యమవుతుంది కాబట్టి నీ లెక్క నువ్వే వేసుకోవాలి.

శనివారానికి రెండు పెన్నులు, ఒక పెన్సిల్ (వానలో పెన్ను రాయదు), ఫోన్ ఛార్జర్, ఇంటర్నెట్ పోతే ఫోన్ నుంచి పంపే ఏర్పాటు, పొడుగు నోట్‌బుక్ పెట్టుకో. కథనం పంపాక డెస్క్‌కి ఫోన్ చేసి, వాళ్లు చదివామనేదాకా కదలకు. మర్నాడు నీ నాలుగో క్వార్టర్ పేజీ ఫొటో తీసి నాకు పంపు. ఎక్కడెక్కడ చుక్కలు పెట్టావో చూసి, అంచున ఏం రాశావో చదివి చెప్తాను.